సీసం ఎక్కిన పాలకూర

రోడ్డుకి ఇవతల మా అక్క పాలకూర మడి, అవతల బ్యాటరీల ఫ్యాక్టరీ గేటు. ఫ్యాక్టరీ కాలువ మడి పక్క నుంచే పోతుంది. ఆ నీళ్ళలో సీసం. విత్తిన ప్రతిసారీ మొక్కలు బెత్తెడు లేవకుండానే పసుపెక్కి చచ్చేవి. బావ పోయాక అక్కకీ, ఆమె కూతురికీ ఆ మడే ఆధారం.

నేను మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. అదే కాలువ గట్టున బతికి బట్టకట్టిన గడ్డి వేళ్ళ నుంచి బ్యాక్టీరియాను తీసి పెంచాను. అవి సీసాన్ని వేళ్ళ దగ్గరే పట్టి ఉంచుతాయి, పైకి పోనివ్వవు. విత్తనాలు ఆ బ్యాక్టీరియా కలిపిన నీళ్ళలో నానబెట్టి చల్లితే పాలకూర బతికింది. ఆకు పరీక్షలో సీసం హద్దులోనే ఉంది. అక్క ఆ బ్యాక్టీరియాను అల్లుళ్ళు అనేది. "ఎండ తగిలితే అలుగుతారు, నీడన కూర్చోబెట్టాలి," అంటూ అవి ఉన్న డబ్బాకి తడిగుడ్డ చుట్టేది.

ఫ్యాక్టరీ మేనేజర్ వచ్చి మడిలో నిలబడి ఫోటోలు దిగాడు. ఆ తరవాత కాలువ నల్లబడింది. ఫ్యాక్టరీలో మురుగునీటిని శుభ్రం చేసే యంత్రం చప్పుడే లేదు. వెళ్ళి మేనేజర్‌ని నిలదీశాను.

"మీ సూక్ష్మజీవులు ఉన్నాయి కదమ్మా! పంట కళకళలాడుతోంది. ఇంకా ఆ యంత్రం ఎందుకు, కరెంటు దండగ," అన్నాడు నవ్వుతూ.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏళ్ళ తరబడి నేను పడ్డ చాకిరీని వీడు చెత్తబుట్ట చేసుకున్నాడు.

"అవి ఆపగలిగేదానికీ ఓ హద్దుంటుంది!" అని అరిచాను.

టీ తాగుతారా అన్నాడు.

ఈసారి ఆకులో సీసం హద్దు దాటింది. ఆకు మాత్రం నిగనిగలాడుతోంది. మరింత చిక్కగా పెంచిన బ్యాక్టీరియా డబ్బా పట్టుకుని అక్క దగ్గరికి పరిగెత్తాను.

"ఇది పోస్తే ఆకులోకి ఎక్కకుండా ఉంటుందా?" అంది అక్క.

"చెప్పలేనక్కా. మొక్క మాత్రం చావదు."

"అంటే చూసేవాళ్ళకి పచ్చగా, తినేవాళ్ళకి విషంగా?"

డబ్బా కింద పెట్టాను. గట్టున ఆడుకుంటున్న పిల్ల ఒక ఆకు తుంపి నోట్లో పెట్టుకోబోయింది. అక్క దాని చేతి మీద ఒక్కటిచ్చి లాగేసింది. పిల్ల గుక్కపట్టింది. అక్క కూడా ఏడ్చింది, కోపంతో. ఏడుస్తూనే మడిలోకి దిగి మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకసాగింది. నేనూ దిగాను.

మడి ఖాళీ అయ్యాక అక్క గింజల సంచి తెచ్చింది. నేను డబ్బా మూత తీయబోయాను.

"వద్దు. ఈసారి ఉత్త గింజలే చల్లుతా."

"అక్కా, అన్నీ చచ్చిపోతాయి! మరి మీరెలా బతుకుతారు?"

"చావనీ. నేను ఎవరింట్లోనో అంట్లు తోముకుంటా. ఇవి మాత్రం వాడి గేటు ఎదురుగా, రోడ్డున పోయే ప్రతివాడూ చూసేలా చావనీ."