చేతులు మాత్రమే

"మొహం చూపించకూడదు. గొంతు మార్చాలి. ఊరి పేరు రాకూడదు." మా ఆయన శ్యాంబాబు షరతులు పెడుతున్నంతసేపూ నా వైపు చూడలేదు. నేను ఉప్మా వడ్డిస్తున్నాను. జరిగింది నాకు, షరతులు ఆయనవి.

శ్రీదుర్గ హైదరాబాదు నుంచి వచ్చింది. సైన్యంలో పనిచేస్తూ అత్యాచారానికి గురైన ఆడవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీస్తోంది. పదకొండేళ్ళ క్రితం, తొంభై మూడులో, నేను ఉత్తరాదిన ఒక మిలిటరీ ఆసుపత్రిలో నర్సుని, లెఫ్టినెంట్‌ని. ఒక మధ్యాహ్నం మందుల స్టోరులో నా పై అధికారి లోపలి నుంచి గడియ పెట్టాడు. ఫిర్యాదు రాసిచ్చాను. విచారణకి కూర్చున్నది అతనితో రోజూ కార్డ్స్ ఆడేవాళ్ళే. "ఒంటరిగా స్టోరుకి ఎందుకెళ్ళావు?" అన్నారు. "మందులకండి" అన్నాను. నవ్వారు. 'సొంత కారణాల వల్ల' అని నా చేత రాజీనామా రాయించారు. అతనికి ప్రమోషన్ వచ్చింది.

పెళ్ళికి ముందే ఈయనకి చెప్పాను. "అయిపోయిందిగా, ఇంక ఆ మాట ఎత్తకు" అన్నారు. అది మంచితనమని చాలాకాలం నమ్మాను.

"చేతులు మాత్రమే తీస్తానండీ. ఏదైనా పని చేస్తూ మాట్లాడండి" అంది శ్రీదుర్గ. నరసాపురంలో ఆడవాళ్ళ చేతికి ఇంకే పని తోస్తుంది? లేసు సూదీ దారం తీసుకున్నాను. ఆయన తృప్తిగా తలూపారు. నేను లేసు అల్లుతుంటే ఆయన ఏనాడు చూశారు గనక!

ఆ డాక్యుమెంటరీ తయారయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో వేశారు. సోమవారం నేను, అల్లిపెట్టిన లేసు పువ్వులు ఇచ్చి రావడానికి ఏజెంటు రత్తమ్మగారి అరుగు మీదికెళ్ళాను. పదిమంది అల్లుతున్నారు. అందరి కళ్ళూ నా చేతుల మీదికి వెళ్ళాయి.

"అక్కా, చిటికెన వేలికి దారం రెండు చుట్లు తిప్పేది ఈ పేటలో నువ్వొక్కదానివే కదా" అంది మెర్సీ మెల్లగా. మిగతా వాళ్ళందరిదీ ఒకటే చుట్టు. నాది మొగల్తూరులో మా అమ్మ నేర్పిన పద్ధతి.

నోటి దురుసుకి పేరుపడ్డ మహాలక్ష్మమ్మ పిన్ని చాప మీద జరిగి, గాలొచ్చే వైపు చోటిచ్చింది. "ఏంటర్రా అలా చూస్తారు? ఎప్పుడూ చూడనట్టు! నువ్వు కూర్చోవే. వాడి చేతులు పడిపోను" అని మళ్ళీ సూది అందుకుంది. నన్నెవరూ ఇంకేమీ అడగలేదు.

ఇంటికి నాకంటే ముందే కబురు చేరింది.

"చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోమంటావే, కుమారీ?" అన్నారు అత్తయ్య.

"నేను కాదని చెప్పు" అన్నారు ఆయన. "రేపట్నించి ఒక చుట్టుతోనే అల్లు. ఓ నెల పోతే వాళ్ళే మర్చిపోతారు."

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళంతా మండింది. ఉద్యోగం వదిలాను. మొహం దాచాను. గొంతు మార్పించుకున్నాను. ఇప్పుడు మా అమ్మ నేర్పిన చెయ్యి కూడా మార్చుకోవాలట. ఆ అధికారిని మాత్రం ఈ పదకొండేళ్ళలో ఎవరూ ఏదీ మార్చుకోమనలేదు. ఇంట్లోనూ అనలేదు, సైన్యంలోనూ అనలేదు.

ఫోన్ మోగింది. శ్రీదుర్గ. "దేవకుమారిగారూ, అదే ఆసుపత్రిలో పనిచేసిన ఇంకో సిస్టర్ టీవీలో మీ మాటలు విన్నారండి. ఆవిడకీ జరిగింది అదే అధికారి చేతిలో. కేసు మళ్ళీ తెరవమని పిటిషన్ వేస్తున్నారు. మీరూ చేరితే బలం. కానీ పేరు లేకుండా తీసుకోరండి."

ఆయనకి వినపడింది. వద్దని చెయ్యి ఊపారు. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడిపోయారు.

"కాగితం ఉందా? ముందు అతని పేరు రాసుకోండి" అన్నాను. పేరు, ర్యాంకు, యూనిట్, తారీఖు ఒక్కొక్కటే చెప్పాను. పదేళ్ళ కాపురంలో ఆ పేరు నన్నెవరూ అడగలేదు. ఆ మనిషే లోపలికొచ్చినట్టు, మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"రాసుకున్నారా? ఇప్పుడు నాది రాయండి."