రోక్‌లా డ్రాగన్ మొక్కు

కొమ్ము ఊదారు. కోడిపుంజు బయటికి రాలేదు.

పెట్టె తలుపు తీసే ఉంది. తీసింది ఆంబ్రోస్ భార్య తామరే. పుంజు మెడ బయటికి సాచి, వీధిని అటూ ఇటూ పరికించి, నచ్చనట్టు మళ్లీ లోపలికి తిరిగి గింజలు ఏరుకోసాగింది. తామర్ పెట్టెను కాలితో తన్నింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

గుట్ట మీంచి ఆంబ్రోస్ దిగి వస్తున్నాడు. ఒంటి మీద రేకు ముక్కలు కుట్టిన తోలు కోటు, చేతిలో చెక్క కత్తి, తల నుంచి నడుం దాకా గొర్రె నెత్తురు. వెనక గుట్ట మీద, బొగ్గు గోతాలు కుట్టి చేసిన డ్రాగన్ చచ్చి పడి ఉంది. దాని కడుపులోంచి గని పనివాళ్లు చెమటలు కక్కుతూ ఒక్కొక్కరే పాకి బయటపడుతున్నారు.

ఏటా పెంతెకొస్తు పండక్కి రోక్‌లాలో జరిగే వేడుకే ఇది. డ్రాగన్‌ని చంపిన వీరుడు నడిచి ఇంటికి రావాలి. దారిలో మొట్టమొదట ఎదురొచ్చిన ప్రాణిని మొక్కుగా బలివ్వాలి. అందుకే కొమ్ము వినపడగానే ప్రతి గుమ్మమూ మూసుకుంటుంది. వీరుడి ఇంటివాళ్లు మాత్రం పుంజును వదులుతారు. అది ఎదురొస్తుంది, మెడ తెగుతుంది, సాయంత్రానికి అందరి గిన్నెల్లోనూ తలో ముక్క పడుతుంది. ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. ఈ ఏడు వీరుడి చీటీ ఆంబ్రోస్‌కి వచ్చింది.

ఎదురొచ్చింది కెజియా. వాళ్లకున్న ఒక్కగానొక్క కూతురు. ఆరేళ్ల పిల్ల.

డ్రాగన్ గోతాలదని దానికి తెలుసు. సగం గోతాలు కుట్టింది వాళ్లమ్మే. నెత్తురు సంగతే ఎవరూ చెప్పలేదు. తల్లి పుంజుతో అవస్థ పడుతుంటే ఆవిడ చంక కిందుగా దూరి, ఖాళీ వీధిలో చెక్క బూట్లు టకటకలాడించుకుంటూ పరిగెత్తుకెళ్లి, తండ్రి మోకాళ్లు వాటేసుకుంది.

"నాన్నా, దెబ్బ తగిలిందా?"

ఆంబ్రోస్ పిల్లను ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాడు. మూసిన కిటికీల వెనక ఎవరూ కదల్లేదు. వీధంతా తనవైపే చూస్తోందని అప్పటికిగాని అతనికి తట్టలేదు.

పుంజును తర్వాత పట్టి కోశారు. ఆ కూర ఎవరూ ముట్టలేదు.

రోక్‌లాలో పుట్టినవాళ్లెవరికీ ఆ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. పూర్వం ఏట్లోంచి వచ్చిన డ్రాగన్ గుట్టకు చుట్టలు చుట్టుకుని పడుకుని, ఊళ్లో ఆవుల పాలన్నీ తాగేసి, పాలు చాలనినాడు మనుషుల మీద పడేది. హెరాన్ దొర కత్తులు పొదిగిన కోటు తొడుక్కుని దాన్ని తెగనరికాడు. గెలిస్తే మొదట ఎదురొచ్చిన ప్రాణిని ఇస్తానని మొక్కుకున్నాడు. ఎదురొచ్చింది కన్నతల్లి. చెయ్యి రాలేదు. అప్పట్నుంచి ఊరికి శాపం: రోక్‌లా మగాడెవడూ మంచం మీద చావడు.

ఆంబ్రోస్ తాత రాయి కింద పోయాడు. తండ్రి గనిలో గ్యాసు అంటుకుని పోయాడు. తామర్ తండ్రిని నీళ్లు పట్టుకుపోయాయి. బొగ్గు తవ్వేవాడు మంచం మీద చావడం ఏ ఊళ్లో ఉందని ఆంబ్రోస్ ఒకసారి సారా దుకాణంలో వాదించాడు కూడా. ప్రతి ఇంట్లోనూ ఒక చావు సాక్ష్యంగా ఉన్నప్పుడు వాదనతో పనేముంది? ఏటా ఓ పుంజును కోస్తే శాపం పోదు గాని, కాస్త సద్దుమణుగుతుందని ఊరి నమ్మకం. ఈ ఏడు అదీ లేదు.

పండగ వెళ్లిన మర్నాడు ఐజాక్ వచ్చాడు. తామర్‌కి అన్న, గనిలో ఆంబ్రోస్‌కి జంట. రోక్‌లా గనిలో ఎవడూ ఒంటరిగా తవ్వడు. ఒకడు తవ్వుతుంటే ఇంకొకడు పైకప్పుకి దుంగలు నిలబెడతాడు. ఒకడి ప్రాణం ఒకడి చేతిలో. ఎవరు ఎక్కడ తవ్వాలో చీటీలు తీసి తేలుస్తారు. పదేళ్లుగా వాళ్లిద్దరిదీ ఒకటే చీటీ, ఒకటే చోటు. ఎప్పుడూ తిన్నగా లోపలికొచ్చి పొయ్యి దగ్గర కూలబడే మనిషి ఆ రోజు గడప దాటలేదు.

"నీ మీద కోపం కాదు బావా," అన్నాడు టోపీ నలుపుతూ. "నాకూ పిల్లలున్నారు. నీ పక్కన నిలబడి పైకప్పుని నమ్మలేను."

"అది నీ మేనకోడలు ఐజాక్."

"తెలుసు. అందుకేగా లోపలికి రాలేదు."

గని మేనేజరు పొరుగూరివాడు. విషయం విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఆంబ్రోస్‌తో జంట కట్టేవాళ్లు ముందుకు రండని పిలిచాడు. ఎవరూ రాలేదు. అప్పుడు నవ్వు మానేశాడు. జంట లేనివాడికి చోటు లేదు. చోటు లేనివాడికి కంపెనీ ఇల్లు లేదు. ఒంటరిగా చేసే పని ఒక్కటే ఉంది: తవ్వడం అయిపోయిన పాత సొరంగాల్లోకి వెళ్లి, పైకప్పును మోస్తున్న దుంగల్ని పీక్కురావడం. దుంగ ఊడగానే వెనక్కి దూకాలి. దూకలేకపోయినవాళ్ల కోసం ఎవరూ వెతకరు. ఆంబ్రోస్ ఒప్పుకున్నాడు.

వసంతం పోయి వేసవి ముదిరింది. గనిలోకి దించి పైకి తెచ్చే ఇనప బోనులో అతను ఎక్కితే మిగతావాళ్లు దిగిపోయేవారు. ఎప్పుడూ ఆఖర్నే ఎక్కేవాడు, ఒక్కడే. ప్రార్థనా మందిరంలో వాళ్ల బల్ల మీద ఇంకెవరూ కూర్చునేవారు కారు. దుకాణంలో తామర్‌కి సరుకిచ్చేవారు గాని, పక్కన కెజియా ఉంటే ఆ వైపే చూసేవారు కారు. పిల్లలు దాన్ని తిట్టలేదు, కొట్టలేదు. ఆటలో దాని వంతు వచ్చినప్పుడు దాటేసి తర్వాతి పిల్లను పిలిచేవారు. మొదట్లో కెజియా నా వంతు, నా వంతు అని అరిచేది. తర్వాత్తర్వాత గుమ్మంలో కూర్చుని, వాళ్ల ఆటకి తనే మెల్లగా లెక్క చెప్పుకునేది.

తామర్‌కి నెలలు నిండుతున్నాయి. మగపిల్లాడే అని ఆడవాళ్లంతా అన్నారు. ఆ మాట అన్నాక ఎందుకో అందరూ తలలు దించుకున్నారు.

ఆగస్టులో తూర్పు సొరంగం కూలింది. హెప్సిబా మనవడు పోయాడు. కొత్తగా పెళ్లయినవాడు.

హెప్సిబా ఊళ్లో ఎవరు పుట్టినా పురుడు పోసేది, ఎవరు పోయినా శవానికి స్నానం చేయించేది. అందరికీ అత్తే. మనవణ్ని పూడ్చిన మర్నాడు ఆంబ్రోస్ ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని, టీ అడిగి పుచ్చుకుంది. ఏడవలేదు, నిందించలేదు. మొక్కు తీరడానికి పిల్ల చావనక్కర్లేదంది. ఊరికి లేకుండా పోతే చాలట. దూరాన ఎవరో మంచివాళ్లు పెంచుకుంటారట, ఇక్కడ దాని పేరు ఎవరూ ఎత్తకూడదట. ఇదివరకూ జరిగిందని, ఎవరి పిల్ల అని మాత్రం అడగొద్దని చెప్పింది.

"టీ తాగావుగా అత్తా. ఇక లే," అన్నాడు ఆంబ్రోస్.

ఆ రాత్రే నిర్ణయం చేసేసుకున్నాడు. చుట్టుపక్కల గనులకి కబురు ఎప్పుడో పాకింది, అక్కడ ఎవరూ పనివ్వరు. దక్షిణాన గనులున్నాయి. అక్కడివాళ్లకి రోక్‌లా అంటే ఏమిటో తెలీదు. శనివారం జీతం చేతికొస్తుంది. ఆదివారం ఊరంతా ప్రార్థనలో ఉన్నప్పుడు ముగ్గురూ నడిచి వెళ్లిపోవాలి. తామర్ విని, సరే అంది. నిండు నెలలతో ఎంత దూరం నడుస్తావని అతను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. కెజియాకి మాత్రం రైలు చూపిస్తానని చెప్పాడు.

శుక్రవారం పని ముగించుకుని ఆంబ్రోస్ బోను దగ్గరికొచ్చాడు. అలవాటుగా దూరంగా నిలబడ్డాడు.

"అక్కడే నిలబడ్డావేం బావా?" అని పిలిచాడు ఐజాక్. "రా, చోటుంది."

ఆంబ్రోస్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. పిలుపు తనకే. ఎక్కాడు. ఎవరూ దిగలేదు. ఒకడు నమిలే పొగాకు ముక్క విరిచి చేతిలో పెట్టాడు. వెనకనుంచి ఇంకొకడు, ఆంబ్రోస్ పీకిన దుంగలతో వాళ్లావిడ ఇంకో ఇల్లు కట్టేస్తుందని, దానికైనా కంపెనీ అద్దె అడక్కుండా ఉంటే బాగుండునని అన్నాడు. బోను బోనంతా నవ్వింది. ఆంబ్రోస్ కూడా నవ్వాడు. ఎన్ని వారాలైందో ఒక మనిషి భుజం తన భుజానికి తగిలి. ఒళ్లంతా వెచ్చగా అనిపించింది.

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఐజాక్ ముఖంలోకి చూశాడు. ఐజాక్ దీపం వైపు చూస్తున్నాడు.

"ఏం చేశారు?" అన్నాడు ఆంబ్రోస్.

ఒకడు అతని వీపు నిమిరాడు. బోను ఎప్పట్లాగే తాపీగా, కిర్రుమంటూ పైకి పాకుతోంది. దూకడానికి లేదు. పరిగెత్తడానికి లేదు. చుట్టూ అతన్ని క్షమించేసిన మనుషులు.

పైకి రాగానే తోసుకుని పరిగెత్తాడు. ఇంటి ముందు ఆడపిల్లలు తాడాట ఆడుతున్నారు. లోపల పొయ్యి ముందు తొట్టిలో అతని స్నానానికి వేడినీళ్లు పొగలు కక్కుతున్నాయి. బఠాణీ ముద్ద, వేయించిన పందిమాంసం, రెండు కంచాలు. తలుపు వెనక చెక్క బూట్లు లేవు.

తామర్ తొట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ముఖం ఎత్తలేదు.

"ఎక్కడికి పంపావ్?"

"నాకు తెలీదు. చెప్పొద్దని నేనే అన్నాను. తెలిస్తే నీకు చెప్పేస్తాను కదా."

"ఆదివారం పోదామన్నాను కదే."

"పోయి? అక్కడా గనే కదయ్యా." పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "వీడూ దిగేది అందులోకేగా. రైలెక్కిస్తారంటే నవ్వుకుంటూ వెళ్లింది. నువ్వు ముందు వెళ్లి అక్కడుంటావని చెప్పాను."

ఆంబ్రోస్ చెయ్యెత్తాడు. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక, అలాగే దించేశాడు.

హెప్సిబా తన ఇంటి గుమ్మంలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతోంది. పిల్ల ఏదని అరిచాడు.

"ఏ పిల్లయ్యా?" అంది ఆవిడ.

దుకాణంలో అడిగాడు. ఏ పిల్ల అన్నారు. తాడాట ఆడుతున్నవాళ్లని అడిగాడు. ఎవరి గురించి అని ఒక పిల్ల అమాయకంగా అడిగింది, తాడు ఆపకుండానే. బండి దారి పట్టుకుని ఏటి వంతెన దాకా పరిగెత్తాడు. పొద్దున్నించీ బండ్లు పోతూనే ఉన్నాయని సుంకం వసూలు చేసే మనిషి చెప్పాడు, పిల్లలున్నవీ పోయాయని, లేనివీ పోయాయని. వంతెన దాటాక దారులు చీలాయి. ఒకటి ఓడరేవుకి, ఒకటి నగరానికి, ఒకటి దక్షిణాదికి. ఆంబ్రోస్ దక్షిణం దారిలో ఊపిరాడనంత దూరం పరిగెత్తాడు. ఆగి, వెనక్కొచ్చి, ఓడరేవు దారి పట్టాడు. పొద్దు వాలేదాకా అలా తిరిగి, చివరికి చీలిక దగ్గరే కూలబడ్డాడు. అక్కడికి హెప్సిబా వచ్చింది. అంత దూరం కర్ర పట్టుకుని, మెల్లగా నడిచి వచ్చింది.

"తనకో నాన్న ఉన్నాడని అది అనుకుంటే అనుకోనీ," అంది పక్కన నిలబడి. "నాకు పిల్ల లేదని నువ్వు అన్నంత కాలం దానికి ఏ లోటూ ఉండదు. నువ్వు వెతికావనుకో, ఊరూ వెతుకుతుంది. ఈసారి దూరం పంపడంతో ఊరుకోరు. వాళ్లని నేను ఆపలేను. ఇంటికి పో. నొప్పులొచ్చేలా ఉంది నీ పెళ్లానికి."

అతను ఆవిడ మెడ పిసికేసి ఉండేవాడే. ముసలిది, పిడికెడు ఎముకలు. కాని పిల్లను పంపిన ఊరి పేరు ఆ ముసలి తలలోనే ఉంది. లోకంలో ఇంకెక్కడా లేదు.

లేచి ఇంటికి వెళ్లాడు. నీళ్లు చల్లారిపోయాయి. తామర్ మళ్లీ కాచింది.

సోమవారం పొద్దున గుమ్మం ముందు ఐజాక్ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కలిసి నడిచారు. చీటీలో వాళ్ల పాత చోటే వచ్చిందని, మంచి బొగ్గని, పైకప్పు రాయిలా ఉందని ఐజాక్ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. బోను దగ్గర అందరూ జరిగి చోటిచ్చారు. ప్రార్థనా మందిరంవాళ్లు పిల్లలకి విందు పెడుతున్నారు. ఎవరింట్లో ఎందరని మైల్స్ అనే ముసలాయన అడుగుతూ వస్తున్నాడు. ఐజాక్ ఇంట్లో నలుగురు. పక్కవాడికి ఇద్దరు.

"ఆంబ్రోస్?"

"వాళ్లకింకా లేరుగా," అన్నాడు ఐజాక్ గబగబా. "ఈ నెల్లోనే, మొదటిది."

ముసలాయన తల ఊపలేదు. ఆంబ్రోస్ నోటివెంట వినడానికి ఆగాడు. బోనులో అందరూ ఆగారు. బోను దించమని గంట కొట్టడానికి తాడు పట్టుకున్నవాడు కూడా ఆగాడు.

"మొదటిది," అన్నాడు ఆంబ్రోస్.

గంట మోగింది. బోను దిగింది.