హెప్సీబా వ్రాసిన కడపటి చిత్తరువు

జ్యేష్ఠమాస మధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణ సంతప్తమైన కాకినాడ పట్టణము పనిపాటలు మాని తలుపులు బిగించుకొని యుండెను. సముద్రమునుండి వీచు వాయువు సహితము ఉప్పుతడిని మోసికొనివచ్చి జనుల యొడలికి జిడ్డు పులుముటయే గాని యించుకయేని సేదదీర్చుట లేదు. అట్టి వేళ జగన్నాథపురమునందలి యొక చిన్న మిద్దెయింటి వెనుకగదిలో ఏసీ యంత్రము చల్లనిగాలిని వెడలగ్రక్కుచుండ ఎస్తేరమ్మ యను నేబదియేండ్ల విధవ తన కుమార్తె వ్రాసిన కడపటి చిత్తరువును చలువఱాతి బల్లపై పఱచి దాని యెదుట నిలిచియుండెను. ఆ సాయంకాలము పెండ్లి యొకటి కలదు. దాని కేకు నాలుగు గంటలకు సిద్ధము కావలెను.

కేకులను చాక్లెట్టుతో నలంకరించువారు ట్రాన్స్‌ఫర్ షీటులు అనువానిని వాడుదురు. పారదర్శకమైన పలుచని ప్లాస్టిక్కు షీటుపై నొకవైపున మాత్రము రంగులు కలిపిన కోకో వెన్నతో పువ్వులో తీగలో చిత్రింపబడియుండును. ఆ చిత్రముపై కరగిన చాక్లెట్టు పోసి చదునుచేసి గట్టిపడిన పిదప షీటును మెల్లగ నూడదీసినచో రంగులన్నియు చాక్లెట్టునకు అంటుకొనిపోవును. ఒక షీటు ఒక్కమాఱే యుపయోగపడును. తక్కినవారు వానిని అంగడిలో కొందురు గాని ఎస్తేరమ్మ కూతురు హెప్సీబా కుంచె చేబట్టి తానే వ్రాసెడిది. ఇరువదినాలుగేండ్ల యా పిల్ల బొమ్మలను చూచి కేకు కోయుటకు మనసొప్పక పెండ్లివారు కత్తి చేతబట్టుకొని తటపటాయించుట పలుమాఱులు జరిగినది.

గడచిన కార్తికమున విషజ్వరము సోకి యైదుదినములలో నామె గతించెను. ఏ వైద్యము చేసిరో యేది చేయకపోయిరో యిపుడు తలచి ప్రయోజనము లేదు. జ్వరము తగులుటకు ముందునాడే తన ప్రాణసఖి షారోను వివాహమునకని యొక చిత్తరువు వ్రాసి ముగించినది. మల్లెతీగపై రెండు పిచ్చుకలు. అందొకటి రెండవదాని చెవిలో నెవరిమీదనో చాడీలు చెప్పుచున్నట్లుండెను. అది తప్ప నామె చేతిపని వేఱొకటి లోకమున మిగులలేదు. తక్కినవన్నియు జనులు తినివేసిరి.

ఎస్తేరమ్మ దానిని పెట్టెలో దాచి దినమున కొకపర్యాయము తీసి చూచుకొని మరల దాచుచుండెను. కాని వెన్నరంగుల కాయువు తక్కువ. వేసవి ముదిరినకొలది మల్లెలపై తెల్లని పొడ లేచెను. ఒక పిచ్చుక తోక కొస రాలిపోయెను. ఎస్తేరమ్మ దానిని దాచుకొన్న సంగతి తెలిసి షారోను పెండ్లికి వారముదినములకు ముందు వచ్చి “పిన్నీ! అది నాకు వలదు. మీయొద్దనే యుంచుకొనుడు. నాకు మామూలు కేకు చాలును” అని బతిమాలెను.

“ఉంచుకొన్నను నిలువదు తల్లీ! ఎండలు తగ్గులోపల పొడియై రాలిపోవును. అది నీకొఱకు వ్రాసినది. ఒక్కపూటయైన నలుగురును చూచి యిది హెప్సీబా చేతిపని యని యనుకొందురు గాక. అంతకుమించి నాకేమి కావలెను?” అని ఎస్తేరమ్మ యామెను ఒప్పించెను.

ఇరువది సంవత్సరములుగా ఎస్తేరమ్మ తనయొద్ద పని నేర్వవచ్చిన స్త్రీలకు మొట్టమొదట చెప్పు పాఠ మొక్కటే. షీటు పారదర్శకము గనుక రంగేవైపున నున్నదో కంటికి తెలియదు. కావున పోయుటకు ముందు అంచును వ్రేలితో తడవి చూడవలెను. గరుకుగా తగిలినదే రంగువైపు. ఈ పాఠము మఱచినవారిని చెవులు పిండినంతగా కసరెడి యా యిల్లాలు నాడు తన వ్రేలిని అంచువఱకు కొనిపోయి చటుక్కున వెనుకకు తీసికొనెను. ఒంటివేడికి కరగు రంగులవి. బిడ్డ కుంచెజాడ రవంతయైన తన వ్రేలికంటి చెఱిగిపోవునేమో యని యామె భయము. హెప్సీబా యెల్లపుడు రంగువైపు పైకుంచుట వాడుక గనుక ఆ నమ్మకముతోనే చాక్లెట్టు పోసి పలుచని కత్తితో ఒత్తి చదునుచేసెను. దినదినము తీసి చూచి దాచుటలో తానే యొకనాడు దానిని బోర్లపెట్టిన సంగతి యామె యెఱుగదు. అయ్యో, తల్లిప్రేమయే తల్లి నింత మోసము చేయవలెనా!

అరగంట గడచినపిదప ఎస్తేరమ్మ షీటు నూడదీసెను. చాక్లెట్టు పలక నున్నగా నిగనిగలాడుచు వచ్చెను. దానిపై నేమియు లేదు. షీటును వెలుతురునకెత్తి చూచెను. అందును మరకలు తప్ప మఱేమియు లేదు. అప్పు డామె చూపు బల్లపై బడెను. చాక్లెట్టు వేడికి అడుగునున్న రంగులు కరగి కత్తి యొత్తిడికి చెదరి ఱాతికంటుకొని యుండెను. మల్లె యేదో ఆకేదో గుఱుతింప వీలులేక పోయెను. ఒక పిచ్చుక కన్నుమాత్రము ఆవగింజంత నల్లచుక్కయై మిగిలియుండెను.

“నిన్ను నా చేతులతో రెండవమాఱు పాతిపెట్టితినే తల్లీ!” అని యామె నేలపై కూలబడి గుండె బాదుకొనెను.

ఏడ్చుటకైనను తీఱిక లేదు. మూడు గంటలు దాటెను. కేకును కొనిపోవు కారు వచ్చు వేళ సమీపించుచుండెను. ఆ గదిలో బల్ల యొక్కటే గనుక ఎస్తేరమ్మ లేచి కత్తితో ఱాతిని గీకసాగెను. గీకిన రంగును చెత్తబుట్టలో వేయుటకు చేయి రాక నోట వేసికొనెను. ఆ రంగులలో చక్కెర యుండదు. తీపును లేక చేదును లేక నాలుకపై కరగిపోయెను. పిదప బల్ల తుడిచి అంగడిలో కొన్న గులాబీల షీటు నొకదానిని తీసి దానిపై చాక్లెట్టు పోసెను.

చర్చి ప్రక్క సాలలో షారోను కేకును చూచెను. గులాబీలను చూచెను. ఎస్తేరమ్మ మొగము చూచెను.  చుట్టములవైపు తిరిగి “ఈ పువ్వులు నా హెప్సీబా నాకొఱకు వ్రాసిపోయినవి” అని గట్టిగా చెప్పెను. జనులు మూగిరి. ఫోనులెత్తి ఫోటోలు తీసికొనిరి. పెండ్లికొడుకు మేనత్త యొకతె ఎస్తేరమ్మ చేతులు పట్టుకొని “ఏమి చేయి యమ్మా నీ బిడ్డది! ఈ గులాబీలను మేము బ్రతికినన్నాళ్లు మఱవము” అనెను.

ఎస్తేరమ్మ తలయూపెను. జాలితో పలుకబడిన యా యబద్ధమును నిలువనిచ్చెను. ఇక నా యూరివారు తన బిడ్డను తలచినపుడెల్ల తలచునది యంత్రము అచ్చువేసిన ఆ పువ్వులనే గదా యని యామెకు తోచెను. హెప్సీబా తన జన్మలో నొక్క గులాబీనైన వ్రాసి యెఱుగదు. ఎవరైన నడిగినచో “ఆ పువ్వు అంగడి షీట్లనిండ నున్నదే, మరల నేనెందులకు?” అని నవ్వెడిది.