సుజాత మంచానికి కట్టిన ముడి

రత్నాకర్ హాస్టల్ డాబా మీదికి వెళ్లింది ట్యాంకులో నీళ్లు చూడడానికి. ముప్పై ఏళ్లు సరుకు ఓడల మీద తాళ్ల పని చేసి, ఇప్పుడు యూనివర్సిటీలో కేర్‌టేకర్‌గా ఉన్నాడు. తాడు కనబడితే అతని కళ్లు ముందు ముడి మీదికే పోతాయి. ట్యాంకు స్తంభానికి కట్టిన కొత్త నైలాన్ తాడు కొస జానెడే మిగిలింది. అది కూడా మెల్లగా ముడిలోకి జారుతోంది.

ఆ తాడు పిట్టగోడ దాటి కిందికి దిగింది. దాని చివర, నాలుగో అంతస్తు దగ్గర, చెక్కపీట మీద కూర్చుని పరుశురాం గోడకు రంగు వేస్తున్నాడు. ఇన్నేళ్లూ కొబ్బరితాడుకు వేసిన ముడినే ఈ పొద్దున నైలాన్‌కూ వేశాడు. కొబ్బరిపీచు కరుచుకుంటుంది, నైలాన్ కరుచుకోదు.

రత్నాకర్ పరుగెత్తి తాడును రెండు చేతులా పట్టుకున్నాడు. అరచేతులు కాలాయి. జారడం నెమ్మదించింది గాని ఆగలేదు. డాబా మీదే ఓ మూల రంగు కలుపుతున్న పరుశురాం భార్య నవతను పిలిచి, ఆయనను కదలొద్దని చెప్పమన్నాడు. ఆమె తాడు కొస చూసింది. ఏడవలేదు, ఏం చెయ్యాలని అడిగింది.

అతని వెనక ఇనుప గుంజకు బకెట్లు లాగే నూలుతాడు కట్టి ఉంది. పాతది, ముడి రాయిలా బిగిసింది. అదొక్కటే ఆ పూటకు దొరికిన ఆసరా. దాని రెండో కొసను పెద్ద తాడుకు చుట్టమన్నాడు. ఆమె చుట్టింది. లాగితే ముడి ముడంతా జారి వచ్చేసింది.

కొస బెత్తెడుకు వచ్చింది. రత్నాకర్ తాడు వదిలి చేత్తో చూపించలేడు. తాడు మీద తాడును పట్టించే ముడి ఒకటుంది, ఓడలో దాన్ని చేత్తో చూపించడమే గాని నోటితో చెప్పింది లేదు. చెప్పింది ఒక్కసారే, భార్యకు. మంచం మీంచి లేవలేని రోజుల్లో, పట్టుకుని లేవడానికి సుజాతకు ఆ ముడితోనే, పిడిలా వలయం చేసిన తాడు వేలాడదీశాడు. ఎత్తు మార్చుకోవడానికి ముడిని వేలితో జరిపితే జరుగుతుంది, బరువు పడితే పట్టేస్తుంది. ఆమెకు చెప్పినట్టే చెప్పాడు.

“రెండు సుట్లు నా దిక్కు ఎయ్యి బిడ్డా, సన్నతాడు మీదికెల్లి. ఆఖరుది గోడ దిక్కు.”

“గిట్లనా?”

“గట్లనే. గుంజు.”

ఆమె గుంజుతుండగానే నైలాన్ తాడు కొస స్తంభం ముడిలోంచి ఊడిపోయింది. కింద పరుశురాం కేక. నూలుతాడు తీగలా బిగుసుకుని కిర్రుమంది. పట్టింది.

నాలుగో అంతస్తు వరండాలోని విద్యార్థులు పరుశురాంను నడుము పట్టి లోపలికి లాగేశారు.

నవత ఆ ముడి పక్కనే కూలబడింది. ముడులు విప్పే ఇనుప సూది ఓడ రోజుల నుంచీ రత్నాకర్ తాళాల గుత్తికే ఉంటుంది. అది తీస్తే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇయ్యాల ఇప్పకు సార్. రేపు నేనే ఇప్పి, మళ్ల కడత. తప్పయితే తిట్టు.”

సాయంత్రం తార్నాకలోని తన గదిలో రత్నాకర్ కట్టు కట్టిన చేతులతో మంచం మీంచి లేవలేకపోయాడు. ఏడాదిగా విప్పబుద్ధి కాక వదిలేసిన తాడు ఎదురుగానే ఉంది, సుజాత చివరిసారి జరుపుకున్న ఎత్తులోనే. దాని వలయంలోకి మోచెయ్యి దూర్చి, బరువు వేసి లేచాడు.