ప్రణాలి పేరు పెట్టాలనుకున్న మొసలి

నాగేశ్వర్ చంద్రపూర్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవాడు. రాజురా అవతల సరిహద్దు పల్లెల్లో ఒక వాగు ఉంది. వానాకాలంలో అది ఎర్రమట్టి గట్టును కోసినప్పుడల్లా రాయిగా మారిన ఎముకలు తేలేవి. డైనోసార్లు అప్పుడప్పుడే పుడుతున్న కాలంలో అక్కడొక పెద్ద నది పారేది. అందులో మొసళ్లకు దూరపు చుట్టాలుండేవి. చూడటానికి అచ్చం మొసళ్లే, కాని ముక్కురంధ్రాలు మూతి కొసన కాకుండా కళ్ల ముందర ఉండేవి. అలాంటి జంతువు పుర్రె ఒకటి, దానితోపాటు మట్టిలో గడ్డకట్టిన మిగతా అస్థిపంజరం అతనికి ఆ వాగులో దొరికాయి.

పుర్రెను శుభ్రం చేస్తుంటే అతనికి అనుమానం మొదలైంది. మూతి పొట్టిగా ఉంది. కంటిగుంతలు పెద్దవి. మూతి మీద పొడుగునా ఉండాల్సిన గట్టు లేదు. తెలిసిన జాతులన్నిటితో పోల్చి చూశాడు. దేనితోనూ కలవలేదు. ఇది ఇంతవరకూ ఎవరూ చూడని జాతి.

అప్పటికి కూతురు ప్రణాలి పదో తరగతి. ఆ పిల్లకు బ్యాడ్మింటన్ పిచ్చి తప్ప తండ్రి రాళ్లంటే సరదా లేదు. "బాబా, నీ మొసలికి నా పేరు పెట్టేవు, స్కూల్ల అందరు నవ్వుతరు" అని ఒకసారి వెక్కిరించింది. ఆ వేసవిలోనే, అమ్మమ్మగారింటికి స్కూటీ మీద పోతూ, సాస్తి మలుపులో బొగ్గు టిప్పర్ కింద పడింది.

తర్వాత చాలా కాలం నాగేశ్వర్ పుర్రె పెట్టె తెరవలేదు. అతని భార్య రాజకుమారి బజార్లో పుట్టింటివాళ్లు పెట్టించిన బట్టల దుకాణం నడిపేది. ఆమె షట్టర్ ఎత్తడం మానేసింది. పిలిస్తే పలికేది కాదు. ఎదుట కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక ఒకరోజు అతను ఆ జంతువు సంగతి ఎత్తాడు.

"దానికింకా పేరు లేదు రాజీ. కనుక్కున్నోళ్లే పెడతరు. మన పిల్ల పేరు పెడదాం. ప్రణాలీసూకస్. సూకస్ అంటే మొసలి."

రాజకుమారి తలెత్తింది. "ఎప్పటిదాక ఉంటది ఆ పేరు?"

"ఎప్పటికీ. దేశదేశాల్ల గదే పేరుతోని పిలుస్తరు. ఒకసారి పెట్టినంక ఎవ్వరు తీసెయ్యలేరు."

మరుసటి వారం ఆమె దుకాణం తెరిచింది. చీరలు మడత పెడుతూ ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేది: మా బిడ్డ పేరు మీద ఒక జంతువు వస్తుంది, పుస్తకాల్లో. ఎదుటివాళ్లకు అర్థమయ్యేది కాదు. అయినా తలూపేవాళ్లు. అతను ఇంటికి రాగానే "ఎక్కడిదాక వచ్చింది?" అని అడిగేది. కడుపుతో ఉన్న మనిషిని నెలలు అడిగినట్టు అడిగేది.

ఆ పేరు ప్రకటించే వ్యాసం రాయడం అయిపోయింది. అదే కాలేజీలో పనిచేసే మాధవి బొమ్మలు గీసిపెట్టింది. ఇక మిగిలింది మట్టిగడ్డలోనే ఉండిపోయిన వెన్నుపూసలు. అవి లేకపోయినా వ్యాసానికి లోటు లేదు. కాని ఉన్నవాటిని చూడకుండా పంపడం అతనికి చేతకాలేదు.

ముందు మెడ పూసలు తేలాయి. ఒక్కొక్క పూసకు కింద ఒక దిమ్మ, పైన ఒక కమాను. పుట్టినప్పుడు ఆ రెండూ వేరువేరుగా ఉండి, వయసు వచ్చేకొద్దీ అతుక్కుపోతాయి. ఈ పూసల్లో అతుకు గీత స్పష్టంగా కనిపిస్తోంది. నాగేశ్వర్ భూతద్దం తీసి మళ్లీ చూశాడు. పరవాలేదు, పరవాలేదు అనుకున్నాడు. మొసళ్లలో ఆ అతుకు తోక నుంచి మొదలై ముందుకు మూసుకుంటూ వస్తుంది, మెడ దగ్గర అన్నిటికన్నా చివర. ఎదిగిన జంతువుకైనా మెడలో గీత మిగిలి ఉండొచ్చు. తోక చూస్తే తేలిపోతుంది.

తోక పూసల మట్టిని సూదితో తీయడానికి రోజులు పట్టాయి. ఎండకు గది ఉడికిపోతున్నా ఫ్యాను వేసుకోలేదు, దుమ్ము లేస్తుందని. మొదటి పూస చేతిలోకి వచ్చేసరికి దిమ్మ ఒకటి, కమాను ఒకటి విడివిడిగా అరచేతిలో పడ్డాయి. రెండోదీ అంతే. ఆ తర్వాతవీ అంతే.

పొట్టి మూతి, పెద్ద కళ్లు, గట్టు లేకపోవడం, కొత్త జాతికి గుర్తులని రాసినవన్నీ పసితనం గుర్తులు. ఇది కొత్త జాతి కాదు. ఎప్పుడో పేరు పెట్టేసిన పాత జాతిదే ఒక పిల్ల.

మాధవి వచ్చి చూసింది. ఆమెకూ చెప్పాల్సిన పని లేకపోయింది. గొంతు తగ్గించి అంది. "సార్, ఈ పూసలు పేపర్ల పెట్టాల్నని ఏమున్నది? ఇంకా మట్టిలనే ఉన్నయనుకుంటే అయిపాయె. మేడంకు ఏం చెప్తరు?"

అతను పూసల్ని తిరిగి డబ్బాలో పెట్టేసి వారమంతా కాలేజీకి పోయి పాఠాలు చెప్పాడు. ఇంటికి వస్తే రాజకుమారి అదే ప్రశ్న. "అయితాంది" అనేవాడు. ఒకటి మాత్రం అతనికి తెలుసు. ఇవాళ కాకపోతే రేపు ఇంకెవరో చూస్తారు. చూసి, ప్రణాలి పేరు పొరపాటున పెట్టిందని రాస్తారు, కొట్టేస్తారు. బిడ్డ పేరు మీద ఎవరో గీత గీస్తారు.

ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని చెప్పేశాడు.

"రాజీ, అది కొత్త జాతి కాదు."

ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఏంది?"

"పాతదే. ఇంకా ఎదగలే. అందుకే వేరే తీరుగ కనవడ్డది. నేనే గుర్తువట్టలే."

"మరి పేరు?"

"దానికి పేరున్నది."

"మీరే చెప్పిండ్రు గదా, ఎవ్వరు తీసెయ్యలేరని." ఆమె గొంతు పెరగలేదు, సన్నబడింది. "నేను ఊరందరికి చెప్పిన. ఎవరు చూడుమన్నరు మిమ్మల్ని ఇప్పుడు? ఎవరు తవ్వుమన్నరు?"

అతను నీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు.

"అంటే అది పిల్లనా?"

"పిల్లనే."

"ఎట్ల సచ్చింది?"

వరదొచ్చి బురదలో కూరుకుపోయి ఉంటుందని అతను చెప్పాలి. ఆమె జవాబు కోసం ఆగలేదు. లేచి, తినని అన్నం తీసి గిన్నెలో వేసి, పోయి గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు దుకాణం తెరవలేదు. తర్వాత కూడా తెరవలేదు. జులైలో ఆమె అన్న వచ్చి సరుకంతా టెంపోలో వేసుకుని పోయాడు.

వ్యాసం చలికాలంలో అచ్చయింది. పాత జాతి పిల్ల అస్థిపంజరం, రెండు పేజీలు. కాలేజీలో బాగుందన్నారు. అతను దాన్ని ఇంటికి తీసుకుపోలేదు.

మరుసటి ఏడు మొదటి వానలకు వాగు పక్కన పత్తి చేను చేసే ఎర్రయ్య ఫోన్ చేశాడు.

"సారూ, గట్టు కూలింది. పెద్ద పెద్ద బొక్కలు, గవే రాతి ఎముకలు, తేలినయ్. జల్ది రాండ్రి, మల్ల వానొస్తే కొట్టుకపోతయ్."

"వస్త ఎర్రన్నా" అన్నాడు నాగేశ్వర్.

కిటికీ దగ్గర రాజకుమారి కూర్చుని ఉంది. "పోతరా?" అంది, ఇటు తిరగకుండానే.

"పోను." చేతిలోకి తీసిన సంచీని మళ్లీ మేకుకు తగిలించాడు.

సాయంత్రం దాకా వాన కురుస్తూనే ఉంది.