పూజ ఎవరి పేరున

ఏటా దసరాకి స్కూటీకి బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టే జయలక్ష్మికి తొమ్మిదేళ్లుగా ఒకటే సందేహం. బండి కొన్నదేగానీ పేరు మార్పించుకోలేదు. కాగితాల్లో ఇంకా అమ్మిన మెకానిక్ ముర్తుజా పేరే ఉంది. మరి ఆ పూజ ఫలం ఎవరికి పోతున్నట్టు?

చివరికి ఆమె బదిలీ ఫారాలు పట్టుకుని నరసరావుపేటలోని అతని షెడ్డుకు వెళ్లి, ఆ మాటే అడిగింది.

"పుణ్యం ఎటు పోతందో గానీ, పాపం మాత్రం నాకే వస్తందక్కా. నువ్వు గుడి ముందు బండి అడ్డంగా పెట్టినప్పుడల్లా పోలీసోళ్లు నాకే ఫోన్ చేసి తిడతన్నారు" అన్నాడు ముర్తుజా.

"అయ్యో, చెప్పలేదేంది తమ్ముడూ?"

"దేవుడి దగ్గరికి పోయినదానివి, మధ్యలో పిలవడమెందుకని!"

నవ్వుతూనే ఫారాల మీద సంతకాలు చేశాడు. ఆపైన పానాల డబ్బా అడుగు వెతికి, అమ్మిననాడు 'రేపు ఇస్తా'నన్న రెండో తాళంచెవి తీసి, తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు.