సున్నంతో కాచిన నీళ్ళు

యుద్ధం పుణ్యమా అని ఆ ఏడు యలహంకలో కట్టెలు కరువయ్యాయి. పటాలానికి పోగా మిగిలినవి, పెట్రోలు లేక కట్టెబొగ్గుతో నడిచే బస్సులు మింగాయి. ఆ కరువులోనే వెంకటగిరియప్ప ఇంటికి కొత్తల్లుడు జయరామప్ప తొలి దీపావళికి వచ్చాడు. అల్లుడికి తలంటి వేడినీళ్ళు పొయ్యకుండా పంపితే, కూతురు అనసూయకు అత్తగారింట్లో బతికినన్నాళ్ళూ దెప్పులే.

"కట్టెలెందుకే? సున్నం ఉండాది," అన్నాడు వెంకటగిరియప్ప భార్య చౌడమ్మతో.

గోడలకు వెయ్యడానికి తెచ్చిన కాల్చిన సున్నపు గడ్డలు గంపెడున్నాయి. వాటి మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతాయని ఊళ్ళో ఎవరికి తెలియదు? ఆ ఉడుకులో రాగి అండా దించితే స్నానానికి నీళ్ళు కాగుతాయని తట్టింది మాత్రం తనకే. తట్టింది నలుగురికీ చూపకపోతే ఆయనకు అన్నం సహించదు. పండగ ముందురోజు వీధినంతా పిలిచి, పెరట్లో గుంత తీసి, గడ్డలన్నీ పోసి, నీళ్ళు కుమ్మరించాడు. బుసబుస ఆవిరి లేచింది. అండాలో నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగాయి. అందరూ ఔరా అన్నారు. పక్కింటి పిల్లమ్మ ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుని పోయింది.

పండగ పొద్దున అల్లుడు నెత్తి నుంచి అరికాలి దాకా ఆముదం పూయించుకుని పెరట్లో పీట మీద కూర్చున్నాడు. వెంకటగిరియప్ప అదే గుంతలో అండా దించి, సున్నం మీద కడవెడు నీళ్ళు పోశాడు. సున్నం పలకలేదు. ఇంకో కడవ పోశాడు. సున్నం పలచబడింది.

"నిన్న ఉడికె కదప్పా! ఈ పొద్దు ఏమొచ్చింది దీనికి?"

అల్లుడు బడిలో సైన్సు పంతులు. వణుకుతూనే పాఠం చెప్పాడు. "సున్నం నీళ్ళతో కలిసేటప్పుడు లోపల దాగిన వేడి బయటికొస్తాది మామా. కలిసిపోయినాక ఇంకేముంటాది? బూడిదను ఊదితే మండుతాదా?"

"మళ్ళా వేడి పుట్టల్లంటే?"

"బట్టీలో పెట్టి కాల్చల్ల."

"దేంతో అప్పా?"

"కట్టెల్తో."

ఇంట్లో గొడ్డలి చప్పుడైంది.

"ఏంది కొడతా ఉండావే?" అని అరిచాడు వెంకటగిరియప్ప.

"నీ మంచం," అంది చౌడమ్మ. "నిన్న ఊరికంతా చూపిస్తివి కదా. ఈ పొద్దు నువ్వు చూడు."

నీళ్ళు కాగాయి. అల్లుడు "ఇంకో చెంబు" అన్నప్పుడల్లా పొయ్యిలోకి ఇంకో ముక్క పోయింది. మంచానికి ఉండేవి నాలుగు కోళ్ళు. అల్లుడికి జుట్టు మరీ ఒత్తు.